జెనెటిక్ ఒబీస్ ఎలకలా, హై ఫ్యాట్ డైట్ ఎలకలా? ఎం.ఫార్మ్ ప్రాజెక్ట్, వైజాగ్

మద్దిలపాలెం పిల్ల:
అందరికీ నమస్తే. ఎం.ఫార్మ్ ఫార్మకాలజీ రెండో ఏడు, వైజాగే, కాలేజీ పేరు వద్దులెండి. పొడపత్రి ఆకు ఎక్స్‌ట్రాక్ట్‌ని టైప్ 2 షుగర్‌లో చూడాలి. మా సీనియర్లంతా విస్టార్ ఎలకలకి (ల్యాబుల్లో వాడే మామూలు తెల్ల రకం) ఎస్‌టీజెడ్ (స్ట్రెప్టోజోటోసిన్, ఇన్సులిన్ చేసే బీటా సెల్స్‌ని చంపే మందు) ఒక పెద్ద డోసు ఇచ్చేసి షుగర్ ఎక్కగానే మందు మొదలెట్టేసేవారు, మా గైడ్ సారేమో అది టైప్ 1కి దగ్గరమ్మా, రివ్యూయర్ తిప్పి కొడతాడు, జకర్ ర్యాట్స్ లాంటివి పుట్టుకతోనే లావయ్యే రకం దొరుకుతాయేమో కనుక్కో అన్నారు. బయటి నుంచి తెప్పించడానికి ఒక్కో ఎలకకి ఎంతవుతుందో చూశాక నాకు ఏటీ పాలుపోలేదు. అసలు అవి నిజంగానే మంచి మోడలా లేక పేరు గొప్పా? మనదేశంలో ఎక్కడైనా ఉన్నాయా? మా యానిమల్ హౌస్‌లో ఎండాకాలం కరెంట్ పోతే ఏసీ కూడా పోద్ది, అది కూడా చెప్తున్నా ముందే.

షామీర్‌పేట అన్న:
చెల్లీ, ముందు ఒకటి క్లియర్ చేసుకో. జకర్ అని అందరూ ఒకే పేరుతో పిలిచేస్తారు గానీ అందులో రెండు రకాలున్నాయి. జకర్ ఫ్యాటీ అనేది 1961లో అమెరికాలో మసాచుసెట్స్‌లోని ఒక ల్యాబ్‌లో జకర్ దంపతులు బయటపెట్టింది, లెప్టిన్ అంటే కడుపు నిండిందని మెదడుకి చెప్పే హార్మోన్, దాన్ని అందుకునే రిసెప్టర్‌లో ఒక్క అమైనో యాసిడ్ మారింది అంతే, 269వ చోట గ్లూటమిన్ బదులు ప్రోలిన్, దాంతో లెప్టిన్ ఎంతున్నా మెదడుకి కబురు అందదు, తింటూనే ఉంటాయి. కానీ వాటిలో చాలావాటికి ఫాస్టింగ్ షుగర్ దాదాపు మామూలుగానే ఉంటుంది, ఇన్సులిన్ మాత్రం ఆకాశంలో ఉంటుంది. వాటిలోంచి షుగర్ ఎక్కేవాటిని ఏరి ఏరి బ్రీడ్ చేస్తే వచ్చింది జడ్‌డీఎఫ్, జకర్ డయాబెటిక్ ఫ్యాటీ. నీకు కావాల్సింది షుగర్ అయితే జకర్ ఫ్యాటీ తెచ్చుకుని లాభం లేదు.

జడ్‌డీఎఫ్‌లో కూడా మగవాటికే నమ్మకంగా వస్తుంది, అదీ ప్యూరీనా 5008 అనే ఫీడ్ పెడితే. ఆడవాటికి ఇంకా కొవ్వెక్కువ డైట్ ఇస్తేగానీ రాదు. మగవాటికి సుమారు ఏడెనిమిది వారాల వయసులో షుగర్ ఎక్కడం మొదలవుతుంది, ముందు ఇన్సులిన్ బాగా పెరుగుతుంది, తర్వాత బీటా సెల్స్ అలిసిపోయి ఇన్సులిన్ పడిపోతుంది. ఇదే అసలు సంగతి. ఆరో వారంలో మందు మొదలెడితే నువ్వు చూసేది షుగర్ రాకుండా ఆపడం, పదిహేనో వారంలో మొదలెడితే చూసేది వచ్చేసిన షుగర్‌ని తగ్గించడం, రెండూ వేరే ప్రశ్నలు. పొడపత్రి ఇన్సులిన్ రిలీజ్ పెంచుతుందని కదా మీ వాదన, మరి విడుదల చేయడానికి బీటా సెల్స్ మిగిలి ఉండాలిగా? చాలా పేపర్లలో వయసు ఒక మూల రాసి వదిలేస్తారు, నాకైతే అది చూడగానే మిగతాది చదవబుద్ధి కాదు.

ఇంకోటి, కంట్రోల్‌గా అదే ఈతలో పుట్టిన సన్న ఎలకలు కావాలి, బయట కొన్న విస్టార్ పెడితే ఒప్పుకోరు. లావువి పిల్లల్ని కనలేవు కాబట్టి రెండు క్యారియర్లని (ఆ జీన్ ఒక్క కాపీయే ఉన్న సన్నవాటిని) జత కట్టాలి, పుట్టినవాటిలో నాలుగో వంతే లావుగా వస్తాయి, ఇక ఆ ఎలక ఒక్కోటి అంత రేటు ఎందుకో నువ్వే లెక్కేసుకో.

ఎలకల డాక్టర్:
అన్న సైన్స్ చెప్పాడు, నేను చాకిరీ చెప్తాను. షుగర్ బాగా ఎక్కిన మగ జడ్‌డీఎఫ్ తాగే నీళ్లు, పోసే మూత్రం చూస్తే నమ్మలేం, సాయంత్రం వేసిన పొట్టు పొద్దున్నకి ముద్ద ముద్దగా తడిసిపోయి ఉంటుంది, కేజ్ పట్టుకోగానే అమ్మోనియా వాసన కళ్లకి తగులుతుంది. రోజూ బెడ్డింగ్ మార్చాలి, ఆదివారం కూడా, సంక్రాంతి రోజు కూడా. వాటర్ బాటిల్ ఒకటి చాలదు, రెండు పెట్టాలి, ఒకటి కారిపోయి ఖాళీ అయితే ఆ ఎలక చచ్చిపోతుంది. లావుగా ఉండటం వల్ల కింద భాగం తడిలోనే ఉంటుంది, పుండ్లు పడతాయి. తోక చివర నుంచి రక్తం తీస్తే గ్లూకోమీటర్ మీద నంబర్ బదులు హై అని వస్తుంది, ఎందుకంటే చాలా మీటర్లు 600 దాటితే చూపించవు, అప్పుడు డేటా షీట్‌లో ఏం రాస్తావు? ప్లాస్మా తీసి ల్యాబ్‌లో చేయించే ఏర్పాటు ముందే పెట్టుకో.

కరెంట్ సంగతికొస్తే, ఎలకల రూమ్ 22 డిగ్రీల దగ్గర ఉండాలి, మన వైజాగ్ ఉక్కలో ఏసీ ఆగితే లావువే ముందు ఇబ్బంది పడతాయి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో ఎన్ని రోజులు కరెంట్ లేదో తెలిసిందే. జనరేటర్ ఉందా, డీజిల్ ఎవరు పోస్తారు, ఆ తాళం ఎవరి దగ్గరుంటుంది, ఇవి కనుక్కోకుండా అంత ఖరీదైన ఎలకలు దించకు తల్లీ.

సిరిపురం చిన్న డాక్టర్:
నేను మనుషుల డాక్టర్ని, ఎలకలు నా సబ్జెక్ట్ కాదు, కానీ ఒక మాట. నా ఓపీకి విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే షుగర్ పేషెంట్లలో చాలామంది లావు కాదండి, చేతులు కాళ్లు సన్నం, పొట్ట ఒక్కటే ముందుకి. వాళ్లలో ఎవరికీ లెప్టిన్ రిసెప్టర్ పాడవలేదు. మనుషుల్లో ఆ మ్యుటేషన్ చాలా అరుదు, మామూలు ఒబీసిటీలో లెప్టిన్ పుష్కలంగానే ఉంటుంది, శరీరం దాన్ని పట్టించుకోదు. కాబట్టి జడ్‌డీఎఫ్‌లో పనిచేసింది అనగానే మన పేషెంట్‌కి పనిచేస్తుంది అనేయకండి. సన్నగా ఉండి షుగర్ వచ్చే ఎలక కూడా ఉంది, గోటో-కాకిజాకి అని, జపాన్‌లో విస్టార్ ఎలకల్లోంచే షుగర్ టాలరెన్స్ బాలేనివాటిని తరతరాలు ఏరి తయారు చేశారు, నాకైతే అదే మనవాళ్లకి కొంచెం దగ్గరగా అనిపిస్తుంది. ఇంకా ఒకటుంది, టైప్ 2 మనుషుల ప్యాంక్రియాస్‌లో అమైలాయిడ్ అనే గడ్డకట్టిన ప్రోటీన్ పేరుకుంటుంది, ఎలకలో ఆ ప్రోటీన్‌లో ప్రోలిన్లు ఉండటం వల్ల అది పేరుకోదు. అంటే బీటా సెల్ చచ్చే దారిలో ఒక ముక్క ఎలకలో అసలు కనపడదు.

గాజువాక కుర్రోడు:
ఇంత కష్టం ఎందుకు, ఎలకల్ని వదిలేసి సెల్ లైన్ మీద చేయొచ్చుగా? పాపం అవి.

షామీర్‌పేట అన్న:
@గాజువాక కుర్రోడు తమ్ముడూ సగం కరెక్టే. ఆల్ఫా గ్లూకోసిడేజ్ (పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైమ్) టెస్ట్, ఎల్6 కండరం సెల్స్ గ్లూకోజ్‌ని ఎంత లాగుతాయో చూడటం, ఇవి ముందు చేసి అక్కడే తేలిపోతే ఎలక దాకా వెళ్లకూడదు. 1959లో రస్సెల్, బర్చ్ చెప్పిన మూడు ఆర్‌లు అదే, వీలైతే మార్చు, తగ్గించు, బాధ తక్కువ చెయ్యి. కానీ ఆకలి, కాలేయం, కొవ్వు, ప్యాంక్రియాస్ అన్నీ కలిసి చేసే పని ప్లాస్టిక్ ప్లేట్‌లో కనపడదు.

అన్నట్టు ఆకలి అంటే గుర్తొచ్చింది. చెల్లీ, ఈ ఎలకలు తిండిపోతులు కదా, నీ ఎక్స్‌ట్రాక్ట్‌కి కడుపు తిప్పి తక్కువ తిన్నా షుగర్ తగ్గిపోద్ది, నువ్వేమో మందు పనిచేసింది అని రాసేస్తావు. రోజూ ఫీడ్ తూచి, మందు గ్రూప్ ఎంత తిందో అంతే పెట్టే గ్రూప్ ఒకటి విడిగా ఉంచు. పొడపత్రి నమిలాక పంచదార ఇసకలా ఉండటం మనుషులకే, దానికి కారణమైన ఆకులోని జిమ్నెమిక్ యాసిడ్లు ఎలక నాలుక మీద అలా పనిచేయవు, కానీ అదే మొక్కలోని గుర్మారిన్ అనే చిన్న ప్రోటీన్ ఎలకకి తీపి తగ్గిస్తుంది. గొట్టంతో కడుపులోకి ఇస్తే నాలుక గొడవ తగ్గుతుంది, తిండి తూచడం మాత్రం తప్పదు.

తార్నాక అక్క:
మనదేశంలో ఉన్నాయా అని అడిగావు కదమ్మా, ఉన్నాయి. హైదరాబాద్ ఎన్ఐఎన్‌లో (జాతీయ పోషకాహార సంస్థ) ఎన్నో దశాబ్దాలుగా పెంచుతున్న విస్టార్ కాలనీలో 1996లో దానంతటదే ఒక లావు ఎలక వచ్చింది, దాన్నుంచి వచ్చినవే డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ, ఆ తర్వాత గ్లూకోజ్ టాలరెన్స్ దెబ్బతిన్న జీఆర్-ఓబీ. తెలుగు నేల మీద పుట్టిన మోడల్ అని నాకు కాస్త గర్వమే, దాచుకోను. కానీ ఓబీకి షుగర్ రాదు, జీఆర్-ఓబీ ప్రీడయాబెటిస్‌కి బాగుంటుంది, నీకు కావాల్సిన ఫాస్టింగ్ హైపర్‌గ్లైసీమియా (పరగడుపున ఎక్కువ షుగర్) వాటిలో వెతకకు.

నీ టైమూ డబ్బూ చూస్తే నేనైతే హై ఫ్యాట్ డైట్ ప్లస్ చిన్న డోసు ఎస్‌టీజెడ్ చేస్తాను. మొహాలీ నైపర్ (కేంద్ర ఫార్మా విద్యాసంస్థ) వాళ్లు 2005లో వేసిన పేపర్ ఉంది, రెండు వారాలు కొవ్వు డైట్, ఆపైన కేజీకి 35 మిల్లీగ్రాములు, డైట్ వల్ల ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఇన్సులిన్ ఉన్నా ఒళ్లు దాని మాట సరిగా వినకపోవడం), ఎస్‌టీజెడ్ వల్ల కొంచెం బీటా సెల్ నష్టం, రెండూ కలిసి టైప్ 2కి దగ్గరగా వస్తుంది. డైట్ మాత్రమే తిన్న గ్రూప్ కూడా పెట్టు, లేకపోతే ఏది దేనివల్లో తేలదు. ఎస్‌టీజెడ్‌ని పీహెచ్ 4.5 సిట్రేట్ బఫర్‌లో అప్పటికప్పుడు కలుపు, ఐస్ మీద పెట్టు, ముందు రోజు కలిపింది వాడకు. మోడల్ మారితే ఎథిక్స్ కమిటీకి ఫామ్ బీ (జంతువుల మీద ప్రయోగానికి అనుమతి దరఖాస్తు) మళ్లీ పెట్టాలి, అది సార్‌కి ఈ వారమే చెప్పు.

మద్దిలపాలెం పిల్ల:
అందరికీ చాలా థాంక్స్, ఇంత ఓపిగ్గా చెప్తారనుకోలేదు. సార్‌కి చూపించా, గోటో-కాకిజాకి గురించి చదివి బావుంది గానీ మనకి అందదు అన్నారు, హై ఫ్యాట్ డైట్‌కి ఓకే చెప్పారు, తిండి తూచే గ్రూప్ గురించి మాత్రం ఎలకల సంఖ్య పెరుగుతుంది కదా కమిటీ ఒప్పుకుంటుందా అని గొణిగారు. డైట్ బయట కొనాలా, మేమే కలుపుకోవచ్చా అక్కా?

తార్నాక అక్క:
కలుపుకోవచ్చు, కానీ ప్రతి బ్యాచ్ ఒకేలా రావాలి, లేకపోతే కొన్నదే నయం. కలిపితే చిన్న చిన్న బ్యాచ్‌లుగా చేసి ఫ్రిజ్‌లో పెట్టు, మీ ఊరి తేమకి కొవ్వు తొందరగా కంపు కొడుతుంది, కంపు కొట్టిన డైట్ ఎలకలు తినవు. ఆ గ్రూప్ విషయంలో సార్‌ని వదలకు, ఎందుకు కావాలో ఫామ్‌లో రెండు లైన్లు రాస్తే కమిటీ వాళ్లే అడ్డు చెప్పరు.