రోడ్డు మీద వడ్లు ఆరబోయడాన్ని గ్రామసభ ఆపవచ్చా?

మూడోవార్డు (చర్చ మొదలుపెట్టినవారు)
మాది నల్గొండ జిల్లాలో ఒక చిన్న పంచాయతీ. మొన్న డిసెంబరు ఎన్నికల్లో వార్డు సభ్యుడిగా గెలిచాను. వచ్చే వారం గ్రామసభ ఉంది. అందులో ఒక తీర్మానం పెట్టాలని ఉంది: పొద్దు గుంకాక రోడ్డు మీద వడ్ల కుప్ప కనిపించకూడదు, కనిపిస్తే జరిమానా.

కారణం చెబుతాను. కిందటి యాసంగిలో (రబీలో) మా బావమరిది రాత్రి తొమ్మిదింటికి బండి మీద వస్తూ నల్ల టార్పాలిన్ పట్టా కప్పిన కుప్పను గుద్దుకున్నాడు. నల్ల రోడ్డు, నల్ల పట్టా, ఎదురుగా ట్రాక్టరు లైటు. ఏం కనిపిస్తుంది? పట్టా గాలికి లేవకుండా అంచున పెట్టిన బండరాయి మీద తల పడింది. బతికాడు గాని కుడి చెవి పోయింది.

చట్టం లేక కాదు. దారికి అడ్డం పెట్టి ప్రమాదం తెస్తే పాత శిక్షాస్మృతి 283వ సెక్షను కింద 200 రూపాయల వరకు జరిమానా ఉండేది. 2024 జులై నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 285వ సెక్షను దాన్ని 5000 చేసింది. అమలు చేసేవారే లేరు. మీ ఊళ్లలో ఎవరైనా ఇలాంటి తీర్మానం చేశారా?

తారురోడ్డు
ఇంజినీరింగు శాఖలో పనిచేసి దిగిపోయినవాడిని. ముందు ఒక్క ప్రశ్న. ఆ రోడ్డు ఎవరిది? ఆర్ అండ్ బీదా (రోడ్లు, భవనాల శాఖదా), పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ వారిదా, గ్రామ సడక్ యోజన కింద వేసినదా, లేక ఊరి లోపలి వీధా? మొదటిదైతే మీ గ్రామసభ చేసే తీర్మానానికి వినతిపత్రానికున్న విలువే ఉంటుంది. ఇది తేలకుండా మిగతాదంతా వృథా.

పాలకేంద్రం
తెల్లవారుజామున నాలుగింటికి క్యాన్లతో వెళ్లేవాడిని. వడ్లు ఎత్తుకుపోతారు, రాళ్లు మాత్రం అక్కడే వదిలేస్తారు. కుప్ప కన్నా రాయి ప్రమాదం.

కౌలుదారు
మూడోవార్డు గారూ, మీ బావమరిదికి జరిగినది విని బాధపడ్డాను. అయితే ఆ కుప్ప పోసినవాడు రోడ్డు మీద ఎందుకు పోశాడో మీరు ఒక్క మాట కూడా రాయలేదు. నేను రాస్తాను.

మా నాన్న కాలంలో వరి చేత్తో కోసేవారు. కోసిన పన మడిలోనే నాలుగు రోజులు ఎండేది, తర్వాత కట్టలు, కుప్ప, నూర్పిడి. కళ్లానికి, అంటే నూర్చి ఆరబోసే చోటికి, వచ్చేసరికే గింజ సగం ఆరేది. ఇప్పుడు హార్వెస్టర్ గంటలో ఎకరం కోసి పచ్చి గింజ ట్రాలీలో పోసి పోతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు. కోత రోజు నా వడ్లు 24 చూపించాయి. మధ్యలో ఉన్న ఆ ఏడు శాతం ఎక్కడ ఆరబెట్టాలి? నాది ఐదెకరాల కౌలు. నా ఇంటి ముందు రెండు మంచాలు పడతాయి.

ఆరలేదంటే ఏమవుతుందో కూడా వినండి. 2025-26లో ఏ గ్రేడుకు మద్దతు ధర క్వింటాలుకు 2389. తేమ అనో, తాలు అనో 40 కిలోల సంచికి రెండు కిలోలు తరుగు తీస్తారు. ఎకరానికి 25 క్వింటాళ్ల చొప్పున 125 క్వింటాళ్లకు అది ఆరు క్వింటాళ్ల పైమాటే. పదిహేను వేలకు దగ్గర. నేను కౌలు ముందే కట్టినవాడిని.

నాదీ ఒక్కటే ప్రశ్న. మీ ఊళ్లో కళ్లం ఎక్కడుంది?

మూడోవార్డు
మీ కష్టం నాకు తెలియనిది కాదు, మాదీ వ్యవసాయ కుటుంబమే. అయితే నేను పగలు ఆరబోయవద్దు అనడం లేదు. రాత్రికి తీసేయమంటున్నాను, అంతే.

కౌలుదారు
రాత్రికి తీసి ఎక్కడ పెట్టాలి?

బడిపంతులు
ఈ ప్రశ్నకు జవాబుగా ఎవరో ఒకరు ‘బడి ఆవరణ ఉంది కదా’ అంటారని తెలుసు కాబట్టి ముందే చెబుతున్నాను. ఒకసారి ఇచ్చాం. లారీ వెనక్కి తీస్తూ ప్రహరీ కూల్చింది, గేటు వంగింది. ‘సీజన్ అయ్యాక కట్టిస్తాం’ అన్నారు. మూడు సీజన్లు అయ్యాయి. ఆ సందులోంచి గేదెలు వచ్చి మధ్యాహ్న భోజనం పళ్లేల దగ్గర నిలబడుతున్నాయి.

చౌరస్తా
కుప్పలకు ముందు ఒక స్పీడ్ బ్రేకర్ వేయిస్తే పోదా? దీనికింత చర్చ దేనికి?

తారురోడ్డు
అయ్యా చౌరస్తా గారూ, స్పీడ్ బ్రేకర్ అంటే ఒక ట్రాక్టరు కంకర, రెండు బస్తాల సిమెంటు కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ 99 అని ఒకటుంది. వాహనం 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి వంపు 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. అంటే అది దాదాపు ఒక కారంత పొడవున మెల్లగా లేచి మెల్లగా దిగాలి. ముందు హెచ్చరిక బోర్డు, దాని మీద తెల్ల పట్టీలు. మన ఊళ్లలో వేసేవి ఒక జానెడు వెడల్పున, మోకాలి చిప్పంత ఎత్తున నడ్డి విరిచే దిమ్మెలు. రెండేళ్ల కిందట అలాంటి దాని మీదే నా వెన్నుపూస జారింది, ఆర్నెల్లు బెల్టు కట్టుకున్నాను. రాత్రి పూట ఆ దిమ్మె కూడా కుప్పలాగే కనిపించదు. ఒక ప్రమాదానికి మరో ప్రమాదాన్ని కాపలా పెడతారా?

ఇంకొక లెక్క. ఎకరం వడ్లు రెండంగుళాల మందాన పరిస్తే సుమారు 90 చదరపు మీటర్లు కావాలి. గ్రామ సడక్ రోడ్డు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు. సగం రోడ్డు వాడుకున్నా ఎకరానికి దాదాపు 50 మీటర్ల పొడవు. కౌలుదారు గారి ఐదెకరాలకు పావు కిలోమీటరు. మిగిలిన సగంలో ఎదురెదురుగా వచ్చే రెండు ఆటోలు పట్టవు.

ఆ రోడ్డు ఎవరిదో ఇంకా చెప్పలేదు.

బియ్యంగింజ
ఎవరూ ఎత్తని మాట. కాలే తారు మీద వడ్లు ఎండితే గింజలో పగుళ్లు వస్తాయి, మరలో నూక ఎక్కువ పడుతుంది. అసలే యాసంగి గింజకు ఎండ దెబ్బ, అందుకే ఆ పంట ఎక్కువగా ఉప్పుడు బియ్యానికి పోతుంది. క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం ఇవ్వాలని మిల్లరుకు లెక్క. రోడ్డు వడ్లకు ఆ లెక్క రాదు. మరి తరుగు తీయక ఏం చేస్తాడు?

కౌలుదారు
మిల్లరు తరఫున కూడా ఒకరు వచ్చారు. సంతోషం. రావలసినవాళ్లు అందరూ వచ్చినట్టే.

మూడోవార్డు
చర్చ పక్కకు పోతోంది. నా తీర్మానం తరుగు గురించి కాదు, నూక గురించి కాదు. రోడ్డు మీద మనిషి ప్రాణం గురించి. ఒకరి వడ్లు తడవకూడదని ఇంకొకరి తల పగలాలా? ఉపాధి హామీలో కళ్లాలు కట్టించుకోండని ప్రభుత్వం ఇచ్చినప్పుడు ఎందుకు కట్టించుకోలేదు?

కౌలుదారు
ఆ కళ్లం సొంత పొలం ఉన్నవాడి పొలంలో కడతారు! నాకు భూమి పట్టా ఉందా? పంట నాది, పాసుబుక్కు ఆయనది, పెట్టుబడి సాయం ఆయన ఖాతాలో పడుతుంది, ఆయన ఉండేది హైదరాబాదులో. ‘మీ పొలంలో కళ్లం వేయించండి’ అని అడిగితే ‘సిమెంటు వేస్తే రేపు అమ్మకానికి అడ్డం’ అన్నాడు. పైగా 2022 చివర్లో కళ్లాలకు ఖర్చుపెట్టిన 150 కోట్ల పైచిలుకు వెనక్కి కట్టమని కేంద్రం రాష్ట్రాన్ని అడిగింది, దాని మీద ధర్నాలు కూడా అయ్యాయి. ఇవేవీ తెలియకుండానే వార్డు మెంబరు అయ్యావా నువ్వు? జరిమానా రసీదు పుస్తకం పట్టుకుని బయలుదేరావు!

మూడోవార్డు
‘నువ్వు’ ఎవరు? నేను మిమ్మల్ని ఒక్క మాట తూలలేదు. మా బావమరిది ఆస్పత్రి ఖర్చు రెండు లక్షలు. కుప్ప పోసిన పెద్దమనిషి చూడటానికి కూడా రాలేదు. వస్తే కేసు అవుతుందని భయమట. ఆ రెండు లక్షలకు ఎవరు తరుగు తీశారో మీరే చెప్పండి.

నిర్వాహకుడు
ఇద్దరూ మర్యాద తప్పకండి. ఏకవచనం వద్దు.

కౌలుదారు
కోపంలో నోరు జారింది, మన్నించండి. కళ్లం ఎక్కడుందో మాత్రం ఇప్పటికి రెండుసార్లు అడిగాను.

గల్ఫ్‌బాట
మస్కట్ నుంచి రాస్తున్నాను. కుప్పను గుద్దుకున్నవాళ్ల గురించే అందరూ మాట్లాడుతున్నారు. మా నాన్న యాసంగి కోతల్లో పది రాత్రులు రోడ్డు పక్కన కుప్పకు ఆనుకుని పడుకుంటాడు. దొంగలు, పందులు, వాన, అన్నిటికీ ఆయనే కాపలా. ఫోనులో నాకు ‘ఇంట్లోనే ఉన్నాను’ అని చెబుతాడు. వెనక లారీ హారన్ వినిపిస్తూనే ఉంటుంది.

పాలకేంద్రం
నిజమే. తెల్లారుజామున కుప్పల పక్కన దుప్పట్లు కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు అవీ సంచులే అనుకున్నాను.

మూడోవార్డు
గల్ఫ్‌బాట గారూ, మీ నాన్నగారి కోసమైనా నా తీర్మానం అవసరమే కదా.

కౌలుదారు గారూ, అడిగారు కాబట్టి చెబుతున్నాను. మా ఊరి కళ్లం చెరువు కట్ట దిగువన ఉండేది, ఎకరంన్నర. చిన్నప్పుడు అక్కడే నూర్పిళ్లు, సంక్రాంతికి కబడ్డీ. ఎప్పుడో పోయింది. కొంత ప్రభుత్వం మొక్కలు నాటించిన ప్రకృతి వనానికి పోయింది, కొంత ఇళ్లయ్యాయి. పాతకథ.

కౌలుదారు
‘పోయింది’ అంటే? భూమి నడిచి పోదు కదా. ఎవరి ఇళ్లు అయ్యాయి?

బడిపంతులు
ఇప్పుడు అసలు మాటకొచ్చారు.

మూడోవార్డు
దాచడానికి ఏమీ లేదు. నాలుగు ప్లాట్లు. అందులో ఒకటి మాది. 2009లో మా నాన్న కొన్నాడు. రిజిస్ట్రేషన్ కాగితం ఉంది, ఇంటి పన్ను కడుతున్నాం. అమ్మినవాడు కళ్లం అని చెప్పి అమ్మలేదు. పదిహేడేళ్ల తర్వాత అది తవ్వితే ఎవరికి లాభం? దానికీ మా బావమరిది చెవికీ సంబంధం ఏమిటి?

కౌలుదారు
సంబంధం మీరే రాశారు. కళ్లం మీద మీ ఇల్లు ఉంది కాబట్టి కళ్లంలో ఉండవలసిన వడ్లు రోడ్డు మీదికి వచ్చాయి. మీ కొనుగోలు తప్పని నేను అనడం లేదు. మీ నాన్నగారు డబ్బు కట్టే కొన్నారు. కానీ నాలుగు ఇళ్లవాళ్లను ఎవరూ అడగరు, రోడ్డు మీద పోసుకున్న కౌలువాడికి మాత్రం 5000 రసీదు రాస్తారు. నాకు కోపం అక్కడ. జరిమానా మీద కాదు.

చౌరస్తా
ఇల్లు కూలగొట్టమంటారా ఏమిటి?

కౌలుదారు
ఎవరూ అనలేదు. మిగిలిన స్థలం ఎంతో సర్వే చేయించి హద్దురాళ్లు పాతమంటున్నాను. ప్రకృతి వనంలో సగం మొక్కలు ఎండిపోయే ఉంటాయి, మా ఊళ్లోనూ అంతే. యాసంగికి రెండు నెలలు, వానాకాలం కోతకు రెండు నెలలు ఆ స్థలం వడ్లకు ఇస్తే రోడ్డు ఖాళీ అవుతుంది. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టమే చెబుతోంది. అందులో మొదటి అంశంగా ఇది పెట్టండి, రెండో అంశంగా మీ జరిమానా పెట్టండి. రెంటికీ చెయ్యెత్తుతాను, మీ ఊరివాడినైతే.

మూడోవార్డు
వనం తీయడం నా ఒక్కడి చేతిలో లేదు. సర్పంచి, కార్యదర్శి, పైన మండలం. నర్సరీ లెక్కలు, మొక్కల లెక్కలు ఉంటాయి.

రాత్రంతా ఆలోచించి తీర్మానం ఇలా మార్చాను: రాత్రి పూట కుప్ప ఉంటే రెండు చివర్లా తెల్ల సున్నం పూసిన డ్రమ్ములు, వాటికి మెరిసే టేపు, పంచాయతీ ఖర్చుతో. నల్ల పట్టా బదులు లేత రంగు పట్టా. అంచులకు రాళ్లు కాకుండా ఇసుక సంచులు. రాళ్లు వదిలేసినవారికి మాత్రం జరిమానా. మలుపుల దగ్గర, కల్వర్టుల మీద పగలు కూడా ఆరబోత ఉండదు.

సర్వే అంశం నేను ప్రతిపాదించలేను. ఇంట్లో అమ్మకు చెప్పి చూశాను, రెండు రోజులుగా మాట్లాడటం లేదు. సభలో ఎవరైనా లేవనెత్తితే అడ్డుపడను.

పాలకేంద్రం
రాళ్లకు జరిమానా పెట్టారు. నాకు చాలు.

కౌలుదారు
ఇసుక సంచులు మంచి ఆలోచన, నేను కూడా మొదలుపెడతాను. అడ్డుపడకపోవడం వేరు, చెయ్యెత్తడం వేరు. అది మీకూ తెలుసు.

గల్ఫ్‌బాట
మెరిసే టేపు చుట్ట ఒకటి ఈసారి వచ్చేటప్పుడు తెస్తాను. నాన్న మంచానికి అంటించాలి.

తారురోడ్డు
డ్రమ్ములు రోడ్డు అంచు దాటి లోపలికి రాకూడదు, లేకపోతే అవే గుద్దుకుంటారు. టేపు ఎరుపు, తెలుపు పట్టీలుగా ఉండాలి, ఒట్టి ఎరుపు రాత్రి తెలుపంత మెరవదు.

మూడోవార్డు గారూ, ఆ రోడ్డు ఆర్ అండ్ బీదా, పంచాయతీరాజ్‌దా? మూడోసారి అడుగుతున్నాను.