కోచ్ ప్రార్థన తీర్పు: మనవాళ్లకు మంచిదా, చెడ్డదా?

గోదారిగట్టు:
అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం బ్రెమర్టన్‌లో, ప్రభుత్వ హైస్కూల్ ఫుట్‌బాల్ కోచ్ జోసెఫ్ కెన్నెడీ మ్యాచ్ అవగానే మైదానం మధ్యలో మోకరిల్లి ప్రార్థన చేసేవాడు. స్కూలు వాళ్లు వద్దన్నారు, వినలేదు, సెలవు మీద పంపారు. 2022లో సుప్రీంకోర్టు 6-3తో ఆయన పక్షాన నిలిచింది. ప్రభుత్వం చేసే పని మతాన్ని ప్రోత్సహిస్తోందా అని తేల్చే 1971 నాటి లెమన్ పరీక్షను పక్కనపెట్టి, ఇకపై చరిత్ర, సంప్రదాయం చూసి తేల్చాలంది. నాకు నచ్చింది. ఆయన భక్తి ఆయనది, ఎవరికి నష్టం?

శ్రీలత_ప్లేనో:
ఎవరికంటే చెప్తాను. మావాడి బాస్కెట్‌బాల్ జట్టులో కోచ్ ఆటకు ముందు అందరి చేతా చేతులు కలిపించి ప్రార్థన చేయించేవాడు. ఒక పిల్లాడు మాత్రం బెంచీ దగ్గరే కూర్చుని, కట్టిన షూ లేసులే విప్పి మళ్లీ కట్టుకునేవాడు. కెన్నెడీ కేసులోనూ ఓ తండ్రి ఇదే మొర పెట్టుకున్నాడు. తన కొడుకు నాస్తికుడట, కలవకపోతే ఆడనివ్వరేమోనని కలిశాడట.

గోదారిగట్టు:
మీ కోచ్ చేయించాడు. కెన్నెడీ తనకు తాను చేసుకున్నాడు. తీర్పు రాసిన జడ్జి గోర్సచ్ చెప్పిందీ అదే.

శ్రీలత_ప్లేనో:
తనకు తానా? జడ్జి సోటొమయోర్ అసమ్మతి తీర్పులో ఫొటోలే పెట్టారు. నిలబడ్డ కోచ్, చుట్టూ మోకాళ్ల మీద పిల్లలు. చూశారా అసలు?

గోదారిగట్టు:
చూశాను. అది పాత ఫొటో. చర్య తీసుకున్నది 2015 అక్టోబరులో మూడు మ్యాచ్‌ల తర్వాత చేసిన ప్రార్థనల మీద. అవి మొదలెట్టినప్పుడు సొంత జట్టు పిల్లలు పక్కన లేరు.

పప్పుచారు:
ఇంత కొట్లాడి ఉద్యోగం తెచ్చుకుని, 2023లో ఒక్క మ్యాచ్ ఆడించి రాజీనామా చేశాడు మహానుభావుడు.

ఓరుగల్లు_పోరడు:
ఫొటోల లొల్లి ఆపుండ్రి. 1962ల న్యూయార్క్ బడుల ప్రార్థన కొట్టేసిన్రు. 2000ల టెక్సాస్ల సాంటా ఫే బడి మైకుల ప్రార్థన గూడ. అవైతే ఇంక రద్దు కాలే గద.

గోదారిగట్టు:
శ్రీలత గారూ, మా అమ్మాయి వరలక్ష్మీ వ్రతం తోరం కట్టుకుని బడికెళ్తే టీచరు తీయించింది. మతం ఇంట్లో పెట్టుకోమంది. తొమ్మిది ముడుల దారం, సంచిలో పెట్టుకుని ఏడుస్తూ వచ్చింది. మతానికీ ప్రభుత్వానికీ మధ్య మీరు మెచ్చుకునే ఆ అడ్డుగోడ మా పిల్ల మీదే పడింది.

శ్రీలత_ప్లేనో:
అది ఆ టీచరు తప్పు, గోడది కాదు. బడి గేటు దాటితే పిల్లల హక్కులు పోవని 1969లోనే టింకర్ కేసులో చెప్పారు. మీ పాప ఎవరినీ ఆట నుంచి తీసేయలేదు. కోచ్ తీసేయగలడు.

గోదారిగట్టు:
సూటిగా అనరాదూ, మీకు క్రైస్తవులంటే పడదని!

శ్రీలత_ప్లేనో:
మాది గుంటూరు లూథరన్ కుటుంబమండీ. ప్రతి ఆదివారం చర్చికి వెళ్తాను. మావాడు ఆ ప్రార్థనలో చేతులు కలిపినవాడే. లేసులు కట్టుకున్నది వాడి స్నేహితుడు, మీలాగే హిందువుల అబ్బాయే.

గోదారిగట్టు:
సరే, నా మాట చెప్తా. ఇది వాళ్ల దేశం, మనం వచ్చినవాళ్లం. వాళ్ల ప్రార్థనకు మనం పక్కకు జరిగితే మన తోరానికి వాళ్లు చోటిస్తారు.

శ్రీలత_ప్లేనో:
మన పిల్లలు వచ్చినవాళ్లు కాదు, ఇక్కడ పుట్టినవాళ్లు. వాళ్ల తరఫున ఈ బేరం మీరెలా ఆడతారు? కోర్టు చరిత్ర చూస్తానంటోంది. మత స్వేచ్ఛ రాజ్యాంగంలోకి వచ్చిన 1791 నాటి చరిత్రలో మీ తోరం ఎక్కడుంది?

పప్పుచారు:
అన్నా, తోరం సంగతి ప్రిన్సిపాల్‌కి రాశారా ఇంతకీ?

గోదారిగట్టు:
లేదు. గొడవెందుకని.