ఆర్‌సీ చనిపోయిన తండ్రి పేరు మీద ఉంది, కొడుకు అమ్ముతున్నాడు. ఈ వ్యాగనార్ తీసుకోవచ్చా?

తెనాలి టీచర్:
అందరికీ నమస్కారం. అమ్మకి గుంటూరులో డయాలసిస్ జరుగుతోంది. తెలిసిన ఆటోలో తీసుకెళ్తున్నాను గానీ, వచ్చేటప్పుడు ఆవిడ కూర్చోలేకపోతోంది. చీటీ డబ్బులు చేతికొచ్చాయి, మూడున్నర లక్షల లోపు ఒక చిన్న కారు చూస్తున్నాను.

విజయవాడ పాయకాపురంలో ఒక బండి నచ్చింది. 2017 వ్యాగనార్ వీఎక్స్ఐ, పెట్రోల్, ఏపీ 16 నంబరు, తిరిగింది 62 వేల కిలోమీటర్లు. 3 లక్షల 25 వేలు చెబుతున్నారు. అదే మోడల్‌కి మిగతా చోట్ల మూడు తొంభై దాకా అడుగుతున్నారు. కొత్త సీటు కవర్లు, కింద కొత్త మ్యాట్లు, లోపలంతా శుభ్రంగా ఉంది. అమ్మేది ఆ ఇంటి అబ్బాయి. ఆర్‌సీ వాళ్ల నాన్నగారి పేరు మీదే ఉంది, ఆయన పోయి ఏడాది దాటింది. "నాన్న బతికుండగానే బండి పేరు మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించి ఉంచాం, మీకేం ఇబ్బంది రాదు" అంటున్నాడు. మనిషి మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. పాతిక వేలు బయానా ఇస్తే బండి పక్కన పెడతానన్నాడు. ఇవ్వవచ్చా?

ఆటోనగర్ మెకానిక్:
అమ్మా, బయానా ఇప్పుడే ఇవ్వకండి. కాగితాల సంగతి తెలిసినవాళ్లు చెబుతారు, నేను బండి గురించి చెబుతాను.

పాయకాపురం అన్నారు కాబట్టి మొదట అడగాల్సింది, 2024 సెప్టెంబరులో ఆ బండి ఎక్కడుంది అని. బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ తర్వాత మా ఆటోనగర్‌కి లారీల మీద వచ్చిన బండ్లు చూస్తే కడుపు తరుక్కుపోయింది. కొన్ని బాగుపడ్డాయి. కొన్ని పైపైన కడిగి, సీట్లు మార్చి, సెంటు కొట్టి అమ్మేశారు. కొత్త కవర్లు, కొత్త మ్యాట్లు, ధర అరవై అయిదు వేల దాకా తక్కువ అని మీరే రాశారు. ఇవన్నీ కలిస్తే అనుమానించాల్సిందే. ఆ అబ్బాయి అబద్ధం చెబుతున్నాడని నేననను, బండిని మాత్రం అడగాలి.

ఎలాగంటే, డ్రైవర్ సీటు బెల్టు ఆఖరి దాకా లాగండి. రోజూ పెట్టుకునేటప్పుడు ఎవరూ అంత లాగరు. బెల్టు ఉతికినా లోపల చుట్టుకుని ఉండే చివరి మూర ఎవరూ ఉతకరు. అక్కడ మట్టి చార కనబడితే నీళ్లు అంత ఎత్తుకి వచ్చాయని అర్థం. బెల్టు మరీ కొత్తగా ఉన్నా ఎందుకు మార్చారని అడగండి. తర్వాత సీటు ముందుకు జరిపి కింద పట్టాల మీద తుప్పు చూడండి. మ్యాట్ కింద ఉండే కార్పెట్ ఒక మూల పైకి లేపి చెయ్యి పెట్టండి, చెమ్మ గానీ ఇసుక గానీ తగలకూడదు. స్టెప్నీ తీసి ఆ గుంట చూడండి. ఏసీ వేసి ఊరికే కాసేపు కూర్చోండి, ముక్క వాసన ఎంత సెంటు కొట్టినా బయటపడుతుంది.

మునిగిన బండి నడుస్తోంది కదా అనుకుంటారు. నీళ్లు ఇంజిన్లోకి వెళ్లాక ఎవరైనా సెల్ఫ్ కొట్టి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగి ఉండొచ్చు. వైరింగ్ ఇంకా మొండిది. కనెక్టర్లలో చిలుము పట్టి, ఆరు నెలలకో ఏడాదికో ఒక్కొక్కటే పని మానేస్తాయి. పేషెంటుని కూర్చోబెట్టుకుని వెళ్లే బండి దారిలో ఆగకూడదు. నా భయమంతా అదే.

ఇంకో దారి ఉంది. 2024 వరదకి ముందు ఇన్సూరెన్స్ పాలసీ, తర్వాతి పాలసీ రెండూ అడగండి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 50 శాతం ఉన్నది ఒక్కసారిగా సున్నా అయిందంటే, మధ్యలో క్లెయిమ్ చేశారు లేదా పాలసీ చాలాకాలం ఆగిపోయింది. రెంటికీ కారణం అడగాలి. ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే వర్తించే థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే కట్టి ఉంటే ఈ లెక్క పనికిరాదు. కిలోమీటర్లకి మీటరుని నమ్మకండి, షోరూమ్ సర్వీసు రికార్డు తెప్పించమనండి.

గుంటూరు లాయర్:
మేడమ్, ఆ 29, 30 ఫారాలు ముట్టుకోకండి. యజమాని చనిపోయాక ఆయన సంతకంతో బదిలీకి పెట్టడమంటే, ఆయన బతికున్నట్టు ఆఫీసుకి చూపించడమే. రేపు ఎవరైనా వారసుడు ఫిర్యాదు చేస్తే ఫోర్జరీ కేసులో కొన్నవాళ్ల పేరు కూడా వస్తుంది.

సరైన పద్ధతి వేరే ఉంది. యజమాని పోతే బండి ముందు వారసుల పేరు మీదికి మారాలి. దానికి ఫారం 31. డెత్ సర్టిఫికెట్, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న అఫిడవిట్ జత చేయాలి. చట్టం ప్రకారం 30 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేసి, మూడు నెలల్లోగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఏడాది దాటింది కాబట్టి ఆలస్యానికి జరిమానా పడుతుంది, అది కట్టాల్సింది వాళ్లు. ఆర్‌సీలో నామినీని రాయించే వీలు 2021 నుంచి ఉంది, ఆయన రాయించి ఉంటే పని తేలిక. బండి అబ్బాయి పేరు మీదికి వచ్చాక అతనే కొత్తగా 29, 30 మీద సంతకం చేసి మీకు ఇస్తాడు. ఆర్‌సీలో ఫైనాన్స్ (బండి మీద అప్పు) ఎంట్రీ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఆ ఎంట్రీ తీయించే ఫారం 35 కూడా కావాలి.

అతను విసుక్కుంటే అతని మంచికేనని చెప్పండి. బండి అమ్మేసినా ఆర్‌సీలో పేరు ఉన్నవాళ్లే ప్రమాద పరిహారానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. కాగితాలు మార్చకుండా బండి ఇచ్చేస్తే ఆ ముప్పు వాళ్ల ఇంటి మీదికే వస్తుంది.

మీ పేరు మీదికి వచ్చాక ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మార్పించుకోండి. బండి మీది, పాలసీ ఇంకొకరిది అయితే మీ బండికి జరిగిన నష్టానికి క్లెయిమ్ రాదు. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. బండి అప్పగించినట్టు రాసుకునే డెలివరీ నోటులో తేదీతో పాటు టైం కూడా రాయించండి, చలాన్లు వచ్చినప్పుడు అదే ఆధారం.

తెనాలి టీచర్:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. అబ్బాయికి ఫోన్ చేసి రెండూ అడిగాను. వరదలో నీళ్లు వాళ్ల గేటు లోపలికి వచ్చిన మాట నిజమేనట. బండి మాత్రం అప్పటికి గన్నవరంలో వాళ్ల మేనమామ ఇంట్లో ఉందంటున్నాడు. పాలసీ కాపీలు వాట్సాప్‌లో పంపాడు, నో క్లెయిమ్ బోనస్ రెండింట్లోనూ 50 శాతమే ఉంది. ఫారం 31 సంగతి అతనికి నిజంగానే తెలియదు. చెల్లెలు హైదరాబాదులో ఉంది, ఆమె సంతకానికి టైం పడుతుందన్నాడు. అప్పటిదాకా ఆగుతానన్నాను. బయానా అడగడం మానేశాడు. బండి ఒకసారి మీకు చూపించుకోవచ్చా అండి?

ఆటోనగర్ మెకానిక్:
తప్పకుండా అమ్మా. బోనస్ తగ్గలేదంటే మంచి కబురే. అయినా సొంత డబ్బుతో బాగు చేయించుకున్నవాళ్లూ ఉంటారు కాబట్టి బెల్టు, కార్పెట్ చూడకుండా వదలొద్దు. ఆదివారం వద్దు, షెడ్లు ఉండవు. ఏదైనా పని రోజు పొద్దున్నే బండి దగ్గరికి రండి. ముందు రోజు రాత్రి నుంచి స్టార్ట్ చేయకుండా ఉంచమని అబ్బాయికి చెప్పండి, చల్లటి ఇంజిన్ మీద సెల్ఫ్ కొట్టి వినాలి. నేనే పాయకాపురం వస్తాను, బండి లోపాలు చదివే స్కానర్ తెస్తాను. రెండో తాళంచెవి ఉందో లేదో కూడా అడిగి ఉంచండి.