భౌతిక సిమ్యులేషన్‌కు గ్రాఫిక్స్ కార్డు: 12 జీబీ పాత తరమా, 8 జీబీ కొత్త తరమా?

ప్రశ్న

తీరిక వేళల్లో యూనిటీ అనే ఆట ఇంజిన్‌లో ఒక చిన్న ఆట తయారు చేసుకుంటున్నాను. అందులో చెక్కపెట్టెలు పేర్చిన గోదాము ఒకటి కూలిపోవాలి, ఆ తర్వాత వరదనీరు వచ్చి ఆ పెట్టెలను మోసుకుపోవాలి. పెట్టెలు రెండు వేలు దాటేసరికి ఆట నత్తనడక నడుస్తోంది. నీటి పని ఇంకా మొదలే పెట్టలేదు. ప్రస్తుతం నా దగ్గరున్నది 4 జీబీ పాత కార్డు. మార్చుదామని చూస్తే 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060, 8 జీబీ ఆర్‌టీఎక్స్ 4060 ఈ రెండింటి దగ్గర ఆగిపోయాను. సిమ్యులేషన్‌కు ఏది మేలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

మొదటి సమాధానం

కార్డు సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీ పెట్టెలు కూలుతున్నది గ్రాఫిక్స్ కార్డు మీద కాదు. 2008లో ఫిజ్ఎక్స్ అనే భౌతిక లెక్కల సాఫ్ట్‌వేర్ ఉన్న ఏజియా సంస్థను గ్రాఫిక్స్ కార్డుల సంస్థ ఎన్విడియా కొన్న దగ్గర నుంచి ఫిజ్ఎక్స్ అనగానే అందరికీ గ్రాఫిక్స్ కార్డే గుర్తుకొస్తుంది గానీ, యూనిటీలో రిజిడ్ బాడీల (ఆకారం మారని గట్టి వస్తువుల) లెక్కలన్నీ సీపీయూ (కంప్యూటర్ ప్రధాన ప్రాసెసర్) మీదే జరుగుతాయి. ఇతర ఆట ఇంజిన్లలో భౌతిక లెక్కలు చేసే అన్‌రియల్ 5లోని కేయాస్, గోడాట్ 4.4 నుంచి ఇంజిన్‌తో పాటే వస్తున్న జోల్ట్ కూడా అంతే. ఎంత పెద్ద కార్డు పెట్టినా ఆ పెట్టెలు ఒక్క మిల్లీసెకను కూడా ముందు కూలవు.

యూనిటీలో భౌతిక లెక్కకు డిఫాల్టుగా 0.02 సెకనుకు ఒక అడుగు పడుతుంది. ఆ అడుగును లెక్కించడానికే మీ ప్రాసెసర్‌కు 24 మిల్లీసెకన్లు పడుతోందనుకోండి, లెక్క ముగిసేసరికి ఇంకో అడుగు బాకీ పడి ఉంటుంది, దాన్ని తీర్చేలోగా మరొకటి. వడ్డీకి వడ్డీ పెరిగినట్టు ఒక్కో ఫ్రేములో వేయాల్సిన అడుగులు పెరుగుతూ పోయి చివరికి ఇంజిన్ పెట్టిన పరిమితి దగ్గర ఆగుతాయి. మీరు నత్తనడక అన్నది బహుశా ఇదే. ప్రొఫైలర్ తెరిచి ఒక్క భౌతిక అడుగుకు ఎంత సమయం పడుతోందో, ఒక ఫ్రేములో ఎన్ని అడుగులు పడుతున్నాయో చూసి ఇక్కడ రాయండి. పెట్టెలకు ఏ కొలైడర్ (ఢీకొనడాన్ని లెక్కించడానికి వాడే ఆకారం) పెట్టారో కూడా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

చూశాను, మీరన్నట్టే ఉంది. ఒక అడుగుకు 31 మిల్లీసెకన్లు పడుతోంది, గ్రాఫిక్స్ కార్డు దాదాపు ఖాళీగా కూర్చుంది. పెట్టె మోడల్‌లో పలకల మధ్య సందులు కూడా కనిపించేలా గీశాను కదా అని ప్రతి పెట్టెకూ కాన్వెక్స్ మెష్ కొలైడర్ (మోడల్ చుట్టూ అల్లుకునే ఆకారం) పెట్టాను. వాటిని మామూలు బాక్స్ కొలైడర్లుగా మార్చి, కదలని పెట్టెలు నిద్రలోకి జారుకునేలా (వాటి లెక్క ఆగిపోయేలా) స్లీప్ హద్దును కాస్త పెంచితే 9కి దిగింది. కంటికి తేడా ఏమీ తెలియడం లేదు. ఇక నీటి మాట చెప్పండి.

రెండవ సమాధానం

నీరు పూర్తిగా వేరే కథ, కార్డు అక్కరకొచ్చేది అక్కడే. కణాల పద్ధతిలో చేస్తే ఒక్కో కణానికి స్థానం, వేగం కలిపి 32 బైట్లు సరిపోతాయి. పది లక్షల కణాలకైనా 32 ఎంబీ, రెండు ప్రతులు ఉంచుకున్నా 64 ఎంబీ. అంటే 8 జీబీ మీకు అడ్డంకి కాదు. అడ్డంకి మెమరీ బ్యాండ్‌విడ్త్ (సెకనుకు మెమరీ నుంచి ఎంత చదవగలదో). ప్రతి కణమూ తన చుట్టూ ఉన్న ముప్పై కణాల స్థానాలను చదవాలంటే, స్థానానికి 16 బైట్ల చొప్పున ఒక్క విడతకే 480 ఎంబీ చదవాలి. అలాంటి విడతలు ఒక అడుగులో మూడు నాలుగు ఉంటాయి, సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే చేతిలో ఉన్నది 16.7 మిల్లీసెకన్లే. 3060కి సెకనుకు 360 జీబీ బ్యాండ్‌విడ్త్, 4060కి 272 మాత్రమే. అందుకని నా ఓటు 3060కి.

మూడవ సమాధానం

పై సమాధానంలో లెక్క సరైనదే గానీ, అందులో క్యాష్ (చిప్‌లోనే ఉండే చిన్న, వేగవంతమైన మెమరీ) మాట రాలేదు. 4060లో ఎల్2 క్యాష్ 24 ఎంబీ, 3060లో 3 ఎంబీ. కణాలను అవి ఉన్న గడి ప్రకారం క్రమంలో అమర్చుకుంటే పక్కపక్క కణాలు మెమరీలోనూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, ఆ 480 ఎంబీలో చాలా భాగం క్యాష్ నుంచే అందుతుంది. పైగా 4060 గరిష్ఠంగా 115 వాట్లు వాడితే 3060 170 వాట్లు వాడుతుంది. అయితే కణాలు కాకుండా త్రిమితీయ గ్రిడ్ మీద పొగ, మంట వంటివి చేసే ఆలోచన ఉంటే మాత్రం 12 జీబీ వైపే మొగ్గండి: ప్రతి దిశలో 256 గడులుంటే ఒక్క విలువకే 67 ఎంబీ అవుతుంది, 512 గడులకు వెళ్తే ఎనిమిదింతలు. వేగానికే మూడు విలువలు కావాలి, ఆపై పీడనం, సాంద్రత, తాత్కాలిక ప్రతులు.

కార్డు కన్నా ముందు తేల్చుకోవాల్సింది మరొకటుంది. నేను మొదటిసారి నీటిని CUDA (ఎన్విడియా ప్రోగ్రామింగ్ వేదిక)లో రాసి, నెలన్నర తర్వాత మిత్రుడి ఏఎండీ కార్డు మీద నడిపి చూపించబోయి తెల్లమొహం వేశాను. CUDA ఎన్విడియా కార్డుల మీద తప్ప నడవదని తెలిసి కూడా చేసిన పని అది. ఇతరులు ఆడే ఆట కాబట్టి మీరు కంప్యూట్ షేడర్‌లోనే (ఏ సంస్థ గ్రాఫిక్స్ కార్డు మీదైనా నడిచే లెక్కల ప్రోగ్రాం) రాయండి. ఇక మీ పెట్టెలు సీపీయూలో, నీరు జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు)లో ఉంటాయి. ప్రతి ఫ్రేములో కణాలన్నిటినీ వెనక్కి తెప్పించి చదివితే రెండూ ఒకదాని కోసం ఒకటి ఆగిపోతాయి. ప్రతి పెట్టె మీద పడే బలాన్ని జీపీయూలోనే కూడి, పెట్టెకు కొన్ని అంకెలు మాత్రమే అసింక్రనస్‌గా (ఆగి ఎదురుచూడకుండా) తెప్పించుకోండి. అవి రెండు మూడు ఫ్రేములు ఆలస్యంగా వస్తాయి. వరదలో కొట్టుకుపోయే పెట్టెకు ఆ ఆలస్యం ఎవరికీ కనిపించదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. లక్ష కణాలకు 3.2 ఎంబీయే కాబట్టి ముందు ఉన్న 4 జీబీ కార్డు మీదే కంప్యూట్ షేడర్ రాసి చూస్తాను. కణాలను గడుల వారీగా అమర్చడానికి ముందు, అమర్చిన తర్వాత ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో ఇక్కడే రాస్తాను. అమరిక వల్ల బాగా తగ్గితే 4060, తగ్గకపోతే 3060 తీసుకుంటాను.