ఫోనులో కౌన్సెలింగ్: గోప్యత ఎక్కడ జారిపోతోంది?

పాలకొల్లు కౌన్సెలర్:
నా దగ్గరికి వచ్చేవారు ముందుగా అడిగేది "మా ఇంట్లో తెలుస్తుందా అండి?" అనే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇచ్చిందని, కంప్యూటర్లో దాచిన వివరాలకు కూడా రక్షణ ఉందని చెబుతాను. అయితే ఆ చట్టం నా నోటిని కట్టేస్తుంది గాని, వారింట్లో నలుగురి చేతుల్లో తిరిగే ఫోనును కట్టలేదు. మీ అనుభవాలు తెలుపగలరు.

చెరువుగట్టు, భీమవరం:
సెషన్ రుసుము క్లినిక్‌లో డెబిట్ కార్డు గీకి చెల్లించాను. నా బ్యాంకు ఖాతాకు నాన్నగారి నంబరు ఉన్న సంగతి గుర్తుకు రాలేదు. రొయ్యల చెరువు దగ్గర మేత బస్తాలు లెక్కపెట్టించుకుంటున్న ఆయనకు క్లినిక్ పేరుతో సహా మెసేజ్ వెళ్లింది. రాత్రి భోజనాల దగ్గర "ఒంట్లో బాగుంటోందా?" అని మాత్రం అడిగి, మజ్జిగ నా వైపు జరిపారు.

లంకవాసి:
మా అక్క కొబ్బరితోటలోకి వెళ్లి మాట్లాడేది, ఇంట్లో ఎవరూ వినలేదు. కానీ తన వాట్సాప్ అన్నయ్య ల్యాప్‌టాప్‌లో తెరిచే ఉండడంతో, కౌన్సెలర్ గారు పంపిన సందేశాలన్నీ అక్కడ కనిపించాయి. ఆ తరువాత ఆమె కౌన్సెలింగే మానేసింది.

కాకినాడ సైకాలజిస్ట్:
వాట్సాప్ సందేశాలు దారిలో భద్రంగానే ఉంటాయి. ఇంటర్నెట్‌లో దాచే వాటి నకలుకు (క్లౌడ్ బ్యాకప్) మాత్రం, ఇతరులు చదవలేకుండా చేసే ఎన్‌క్రిప్షన్‌ను మనమే విడిగా ఆన్ చేసుకోవాలి. వృత్తిలో ఉన్నవారిలోనే చాలామంది ఆ పని చేయరు. ఫిన్లండ్‌లో వాస్తామో అనే సైకోథెరపీ సంస్థ రికార్డులు దొంగల పాలైనప్పుడు, డబ్బు ఇవ్వకపోతే బయటపెడతామంటూ 2020లో నేరుగా రోగులకే బెదిరింపులు వెళ్లాయి. అందుకే నేను వాట్సాప్‌లో అపాయింట్‌మెంట్ సమయం తప్ప మరేదీ రాయను, నోట్సులో పేరుకు బదులు ఫైలు నంబరు వేస్తాను. ప్రాణాపాయం ఉన్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు గోప్యతకు మినహాయింపు ఉంటుందని మొదటి రోజే చెప్పాలి. దాచిపెట్టి తరువాత చెబితే నమ్మకం తెగిపోతుంది.

పాలకొల్లు కౌన్సెలర్:
ఇకపై నా మొదటి ప్రశ్న "ఈ ఫోను ఎవరిది?" అనే. ఫోనులో వేరేవారి గొంతు వినిపిస్తే ఏమీ చెప్పకుండా పెట్టేస్తాను.

చెరువుగట్టు, భీమవరం:
ఖాతాలో నంబరు మార్పించుకుందామని నిన్న బ్యాంకుకు వెళ్లాను. కారణం అడిగిన గుమస్తా గారు మా నాన్నగారి పేకాట స్నేహితులు. ఫారం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.