పక్కపక్క ధ్వనులు అవే, సంధి మాత్రం ఒకచోటే: వాక్యనిర్మాణానికీ ధ్వనికీ లంకె ఎక్కడ?

అచ్చుహల్లు
"వాడు వచ్చాడన్నాడు" అంటాం. "వాడు వచ్చాడు, అన్న వెళ్ళాడు" అనేటప్పుడు మాత్రం "వచ్చాడన్న" అని నోట రాదు. రెండుచోట్లా డు తర్వాత వచ్చేది "అన్న" అనే ధ్వనులే. మొదటిదాంట్లో "వచ్చాడు" అన్నది "అన్నాడు"కు లోబడిన ఉపవాక్యం, రెండోదాంట్లో విడి వాక్యం. ఇలాంటి జతలు, వాటిని పరీక్షించే పద్ధతులు తెలిసినవాళ్ళు రాయండి. విరామం వల్ల అని ఒక్కమాటలో తేల్చకండి. ఆ విరామం అక్కడే ఎందుకు పడుతుందన్నది అసలు ప్రశ్న.

పదాంతం
తెలుగులో నాకు తెలిసినంతలో అతి స్పష్టమైన జత: తల్లిదండ్రులు, తల్లి తండ్రి. మొదటిది ద్వంద్వం, అమ్మా నాన్నా. రెండోది షష్ఠి, అమ్మకు నాన్న, అంటే తాత. ద్వంద్వంలో త కాస్తా ద అయింది, షష్ఠిలో త అలాగే ఉంది. చిన్నయసూరి ద్వంద్వానికి చెప్పిన గసడదవాదేశం (క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లవడం) ఇదే: కూరగాయలు, కాలుసేతులు, టక్కుడెక్కులు, ఊరువల్లెలు. క, ట, త లు గ, డ, ద లవడం వరకైతే నాదం, అంటే గొంతు కంపనం, చేరిందని సరిపెట్టుకోవచ్చు. చ కు స, ప కు వ రావడం నాదం ఒక్కదానితో తేలదు. అచ్చుల మధ్య హల్లు పట్టు సడలిన జాడ అది.

ఇంకో జత చూడండి. కావ్యభాషలో ప్రథమ మీద చ వస్తే స: "అపుడు సనియె". ద్వితీయ మీద అదే చ వస్తే జ: "నన్నుఁ జూచె". ముందు పదం రెండుచోట్లా ఉకారాంతంగానే కనిపిస్తుంది, తేడా విభక్తిదే.

ద్రుతం
రెండో జత విషయంలో జాగ్రత్త, పదాంతం గారూ. "నన్ను" ద్రుతప్రకృతికం, దాని చివర న్ ఉంది. చ ను జ చేసింది ఆ అనునాసికమే, విభక్తి కాదు. పైకి నిర్మాణం ప్రభావంలా కనిపించేది లోపల ధ్వని ప్రభావమే. ఏ ఉదాహరణ తీసుకున్నా ముందు ఈ ప్రశ్న వేయాలి: రాతలో గానీ ఈనాటి పలుకులో గానీ కనిపించని ధ్వని ఏదైనా అక్కడ ఉందా? లేదని తేలాకే నిర్మాణం దాకా వెళ్ళాలి. మీ మొదటి జత ఆ పరీక్షకు నిలుస్తుంది.

మరొకటి, కావ్యభాష సూత్రాలనూ ఈనాటి మాటనూ ఒకే పట్టికలో కలపొద్దు. క్త్వార్థక ఇకారానికి, అంటే "తెచ్చి", "చేసి" లాంటి మాటల చివరి ఇ కి, సంధి లేదని సూత్రం. ఇవాళ "తెచ్చిచ్చాడు" అని హాయిగా అంటున్నారు.

సంహిత
సంస్కృత వైయాకరణుల కారిక ఒకటి ఈ చర్చకంతా పునాది: "సంహితైకపదే నిత్యా, నిత్యా ధాతూపసర్గయోః, నిత్యా సమాసే, వాక్యే తు సా వివక్షామపేక్షతే." ఒకే పదంలో, ధాతువుకూ ఉపసర్గకూ మధ్య, సమాసంలో సంధి తప్పనిసరి. వాక్యంలో చెప్పేవాడి ఇష్టం. అంటే బంధం గట్టిదయ్యేకొద్దీ సంధి తప్పదు.

ఫ్రెంచిలో "సావాం", "అవేగ్ల్" అనే మాటల జత ఉంది. సావాం విశేషణమైతే (పండితుడైన గుడ్డివాడు) మధ్యలో త పలుకుతుంది: "అం సావాం తవేగ్ల్". సావాం నామమై, అవేగ్ల్ దానికి విశేషణమైతే (గుడ్డివాడైన పండితుడు) ఆ త రాదు. మన తల్లిదండ్రుల జతకు ఇంత దగ్గరి తోడు నాకు మరొకటి తెలియదు.

ఇంగ్లీషులో "హూ డు యూ వాంట్ టు హెల్ప్" కు రెండర్థాలు: నువ్వు ఎవరికి సాయం చేయాలనుకుంటున్నావు, ఎవరు సాయం చేయాలని నీ కోరిక. "వానా హెల్ప్" అని కుదిస్తే చాలామందికి మొదటి అర్థమే మిగులుతుంది. రెండోదాంట్లో వాంట్, టు ల మధ్య, పలకని కర్త ఖాళీ ఉంది.

ధ్వనిలేఖ
రికార్డు చేసి చూడాలనుకునేవాళ్ళకు:

44,100 హెర్ట్జ్, వావ్ ఫైలు. జతలోని రెండు వాక్యాలూ ఒకదాని వెంట ఒకటి చదివించొద్దు, చదివేవాళ్ళు తేడా పసిగట్టి కావాలని ఒత్తి పలుకుతారు. మధ్యలో సంబంధం లేని వాక్యాలు కలిపి, వరుస మార్చి, ఒక్కో వాక్యానికీ ముందు ఒక ప్రశ్న వేసి జవాబుగా చెప్పించండి. ఊరికే చదివితే జాబితా రాగం వచ్చి ప్రతి పదం చివరా గీత గీసినట్టు ఆగుతారు.

ఎక్కువమంది తప్పు చేసేది విరామం కొలతలో. తర్వాతి పదం క, త, ప లతో మొదలైతే నోరు మూసుకున్న నిశ్శబ్దం, విరామపు నిశ్శబ్దం కలిసిపోతాయి, విడదీయలేం. కాబట్టి పరీక్ష పదం అచ్చుతో గానీ మ, న లతో గానీ మొదలవ్వాలి. "వచ్చాడు అన్న" లో ఉకారం మిగిలిందో లేదో ధ్వనిని విశ్లేషించే సాఫ్ట్‌వేర్ ప్రాత్‌లో చూడాలంటే రెండో ఫార్మెంట్ (నోటి ఆకారాన్ని బట్టి బలపడే ధ్వని పట్టీల్లో రెండోది) గమనించండి. ఉ ఉంటే అది కిందినుంచి అ స్థాయికి ఎక్కుతుంది. ఉ పోతే డ నుంచి నేరుగా అ లోకి వెళ్తుంది. విరామం లేకపోయినా అ మొదట్లో గొంతు బిగిసి అలలు చిందరవందరగా ఉంటే అక్కడ హద్దు ఉన్నట్టే. స్వరస్థాయి (పిచ్) గీతకు మగ గొంతైతే 75–300, ఆడ గొంతైతే 100–500 హెర్ట్జ్ పెట్టుకోండి.

అచ్చుహల్లు
ధ్వని సూత్రం నిర్మాణాన్ని నేరుగా చూస్తుందా, లేక మధ్యలో వేరే మెట్టు ఉందా?

సంహిత
భాషావేత్తలు నెస్పోర్, ఫోగెల్ 1986లో ప్రతిపాదించింది మధ్య మెట్టునే: వాక్యం ముందు ఛందోబంధాలుగా, అంటే కలిపి పలికే గుంపులుగా, విడిపోతుంది, సూత్రాలు ఆ బంధాలనే చూస్తాయి. చైనాలోని అమోయ్ మాటలో అలాంటి గుంపు చివరి అక్షరం తప్ప మిగతావన్నీ స్వరస్థాయి మార్చుకుంటాయి. ఆ గుంపు సాధారణంగా పదబంధం కుడి అంచున ముగుస్తుందని మాథ్యూ చెన్ 1987లో చూపాడు. అంటే వాక్యనిర్మాణపు చెట్టంతా చూడనక్కర్లేదు, అంచు తెలిస్తే చాలు.

మధ్య మెట్టు ఉందనడానికి నాకు నమ్మకమైన సాక్ష్యం వేగం. నిర్మాణం మార్చకుండా వేగంగా చెప్పించండి, కర్తను నాలుగైదు పదాలకు పొడిగించండి. హద్దు చోటు మారితే సూత్రం చూస్తున్నది నిర్మాణాన్ని కాదు, దాని మీద కట్టిన బంధాన్ని. మారకపోతే, తల్లి తండ్రి లోలా ఎంత వేగంగా చెప్పినా త త గానే ఉంటే, అది పదస్థాయి విషయం.

ద్రుతం
ఆ పరీక్షలో పొడవునూ వేగాన్నీ విడివిడిగా మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే హద్దును జరిపింది ఏదో తేలదు.