కన్సల్టెన్సీకి 2 లక్షలు కట్టి ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టుకోవాలా? (2025 ఈసీఈ, క్యాంపస్‌లో ఏదీ రాలేదు)

ప్రశ్న: ఈసీఈ_2025

అన్నలకు, అక్కలకు నమస్తే. జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద ఉన్న కాలేజీలో ఈసీఈ చదివాను. సీజీపీఏ 6.8, బ్యాక్‌లాగ్స్ ఏమీ లేవు. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు 2 లక్షలు కడితే మూడేళ్ల ఎక్స్‌పీరియెన్స్ లెటర్లు, పేస్లిప్పులు ఇస్తామని, పీఎఫ్ కూడా చూపిస్తామని అంటున్నారు. నాన్న వడ్డీకి తెస్తానంటున్నారు. దిగొచ్చా? వద్దంటే వచ్చే ఆరు నెలలు ఏం చేయాలి? ఫీజు రీయింబర్స్‌మెంట్ బాకీ ఉందని కాలేజీ వాళ్లు ఒరిజినల్స్ కూడా ఇవ్వడం లేదు.

జవాబు: వెరిఫికేషన్_డెస్క్

వద్దు తమ్ముడూ. నాన్నగారిని ఆ అప్పు చేయనివ్వకు. ఇది ఎక్కడెక్కడ దొరుకుతుందో చెబుతాను, ఆయనకూ చదివి వినిపించు.

మొదటి చిక్కు తేదీలతోనే వస్తుంది. నువ్వు పాసైంది 2025లో. మూడేళ్ల అనుభవం అంటే 2022 నుంచి ఉద్యోగం చేసినట్టు. అప్పుడు నువ్వు రెగ్యులర్ బీటెక్‌లో ఉన్నావు. దాన్ని కప్పడానికి పాసైన సంవత్సరం మారుస్తామంటారు, అంటే మార్కుల మెమో ఫోర్జరీ. మెమోలు, పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్) యూనివర్సిటీకి వెరిఫికేషన్‌కు వెళ్తాయి, అక్కడి రికార్డులో 2025 అనే ఉంటుంది. ఫోర్జరీ, ఫోర్జరీ కాగితాన్ని అసలుదిగా వాడటం భారతీయ న్యాయ సంహితలో 336, 340 సెక్షన్ల కింద నేరాలు. సంతకం పెట్టేది నువ్వు, కన్సల్టెన్సీ కాదు.

రెండోది పీఎఫ్. యూఏఎన్‌లో (ఉద్యోగాలు మారినా మారని నీ పీఎఫ్ నంబరు) ఏ కంపెనీలో ఎప్పుడు చేరావు, ఎప్పుడు మానేశావు అన్నది సర్వీస్ హిస్టరీగా ఉంటుంది. చేరేటప్పుడు కంపెనీలు అడిగేది అదే. "పీఎఫ్ చూపిస్తాం" అన్నవాళ్లు ఒక పేరుకు మాత్రమే ఉన్న కంపెనీ పెట్టి నిజంగానే నాలుగు నెలల డబ్బు జమ చేస్తారు. పాత నెలలకు కట్టినా, కట్టిన తేదీ మాత్రం ఇప్పటిదే పడుతుంది. పైగా వెరిఫికేషన్ ఏజెన్సీ ఆ కంపెనీ అడ్రస్‌కు మనిషిని పంపుతుంది, కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్లో అది నడుస్తోందో మూతపడిందో చూస్తుంది, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతుంది, ఫారం 16 (జీతం, దానిపై కోసిన పన్ను చూపే పత్రం) అడుగుతుంది. ఇలాంటి కంపెనీల పేర్లతో పెద్ద సంస్థలు సొంతంగా జాబితాలు పెట్టుకుంటాయి. అందులో ఒక్కసారి ఆ పేరు చేరితే దాని లెటర్ పట్టుకొచ్చిన అందరూ ఒకే వారంలో బయటికి వెళ్తారు.

అన్నిటికంటే బాధ కలిగించేది ఇదీ: చాలా చోట్ల ఈ రిపోర్టు వచ్చేది ఉద్యోగంలో చేరాక రెండు మూడు నెలలకు. అప్పుడు తీసేస్తే రిలీవింగ్ లెటర్ (సవ్యంగా మానేశావని కంపెనీ ఇచ్చే లెటర్) రాదు. ఆ రెండు నెలలూ యూఏఎన్‌లో మిగిలిపోతాయి కాబట్టి తర్వాత నిజాయితీగా ఫ్రెషర్‌గా వెళ్దామన్నా "ఇది ఎందుకు మానేశారు?" అన్న ప్రశ్న నీతోపాటే వస్తుంది. ఫ్రెషర్ డ్రైవ్‌లు పాసైన ఏడాదిని బట్టే పిలుస్తాయి. నీ దగ్గరున్న విలువైనది ఆ ఫ్రెషర్ అర్హతే, దాన్ని డబ్బిచ్చి పోగొట్టుకోవద్దు.

జవాబు: చిప్_బెంచ్

పై మాటలకు నా ఓటు. ఇక ఆరు నెలల సంగతి. ఈసీఈ అయ్యుండి అందరితోపాటు జావా ఫుల్‌స్టాక్ వరసలో నిలబడనక్కర్లేదు. ఎంబెడెడ్ (పరికరాల్లోని చిప్‌కు ప్రోగ్రామ్ రాయడం) గానీ, వీఎల్‌ఎస్‌ఐలో (చిప్ తయారీ డిజైన్) డిజైన్ వెరిఫికేషన్ (చిప్ డిజైన్ సరిగా పనిచేస్తుందో పరీక్షించడం) గానీ, ఏదో ఒకటి పట్టుకోండి. రెండూ కలిపితే ఆరు నెలలకు ఏదీ ఇంటర్వ్యూ దాకా రాదు.

డిజైన్ వెరిఫికేషన్ అయితే మొదటి రెండు నెలలు డిజిటల్ ఎలక్ట్రానిక్స్, వెరిలాగ్ (సర్క్యూట్‌ను కోడ్‌గా రాసే భాష) మాత్రమే. సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, ఇకారస్ వెరిలాగ్, జీటీకే వేవ్ ఉచితం. ల్యాప్‌టాప్ బలహీనంగా ఉంటే బ్రౌజర్లో ఈడీఏ ప్లేగ్రౌండ్ చాలు. 8 బిట్ల వెడల్పు, 16 లోతు ఉన్న సింక్రనస్ ఫిఫో (ముందు వచ్చిన డేటా ముందే బయటికి వెళ్లే మెమరీ, రాయడం, చదవడం ఒకే క్లాకుతో) రాయండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: రీడ్, రైట్ పాయింటర్లు (చదవాల్సిన, రాయాల్సిన చోటు చూపే సంఖ్యలు) సమానమైతే అది ఖాళీనా, నిండిందా? 16 లోతుకు 4 బిట్లు సరిపోతాయని ఆగిపోతే రెండింటికీ తేడా తెలియదు. 5వ బిట్ పెట్టాలి. అన్ని బిట్లూ ఒకటైతే ఖాళీ, పై బిట్ వేరై మిగతావి ఒకటైతే నిండినట్టు. తర్వాత అదే ఫిఫోను రెండు క్లాకులతో చేయండి. పాయింటర్‌ను మామూలు బైనరీలో అవతలి క్లాకుకు పంపితే 0111 నుంచి 1000కి మారేటప్పుడు నాలుగు బిట్లూ ఒకేసారి మారతాయి, అవతలివాడు మధ్యలో ఏదైనా చదవొచ్చు. గ్రే కోడ్ (ఒక్కో అడుగుకు ఒక్క బిట్టే మారే కోడ్), రెండు ఫ్లిప్‌ఫ్లాపుల సింక్రనైజర్ ఎందుకో అప్పుడు నోటితో చెప్పగలుగుతారు. ఇంటర్వ్యూలో అడిగేది ఆ "ఎందుకు"నే.

టెస్ట్‌బెంచ్‌లో (డిజైన్‌ను పరీక్షించే కోడ్) వేవ్‌ఫామ్ కంటితో చూసి సరిపోయిందనుకోవద్దు. వచ్చిన విలువను రావాల్సిన విలువతో అదే పోల్చి తప్పైతే ఎర్రర్ చెప్పేలా రాయండి. మూడో నెల నుంచి సిస్టమ్‌వెరిలాగ్ (వెరిలాగ్‌కు పై మెట్టు), ఆ తర్వాతే యూవీఎం (దాంతో టెస్ట్‌బెంచ్‌లు కట్టే ప్రామాణిక పద్ధతి). నేరుగా యూవీఎంతో మొదలుపెట్టి తెలియని మాటలు బట్టీపట్టినవాళ్లు రెండో ప్రశ్నకే ఆగిపోతారు.

ఎంబెడెడ్ అయితే సీ భాష (పాయింటర్లు, బిట్ ఆపరేషన్లు, వోలటైల్ ఎందుకు అవసరం), ఒక ఎస్‌టీఎం32 (మైక్రోకంట్రోలర్) బోర్డు, ఒక సెన్సర్. లైబ్రరీ పిలిచి ఊరుకోకుండా డేటాషీట్ తెరిచి రిజిస్టర్లతో యూఆర్ట్, ఐ2సీ (చిప్‌లు డేటా పంపుకునే పద్ధతులు) నడపండి. ఐ2సీ లైన్లకు పుల్‌అప్ రెసిస్టర్లు (సాధారణంగా 4.7 కిలో ఓమ్‌లు) మరిచిపోతే లైను పైకి లేవదు, కోడ్ ఎంత సరిగా ఉన్నా సెన్సర్ పలకదు. ఇలా మీరు పట్టుకున్న తప్పుల్ని గిట్‌హబ్ రీడ్‌మీలో రాసి పెట్టండి, ప్రాజెక్టు కొన్నది కాదని తెలిసేది వాటితోనే.

క్రమశిక్షణగా తరగతి కావాలంటే సీడాక్ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటింగ్ సంస్థ) వాళ్ల పీజీ డిప్లొమాలు ఉన్నాయి: సుమారు ఆరు నెలలు, సీ-క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి చేరాలి, ఏడాదికి రెండు బ్యాచులు. ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ అయితే "100 శాతం ప్లేస్‌మెంట్" మాట నమ్మకుండా, పోయిన బ్యాచ్‌లో ఎవరెవరు ఎక్కడ చేరారో చూపించమనండి. వాళ్లలో ఇద్దరికి లింక్డిన్‌లో మెసేజ్ పెట్టి అడిగాకే డబ్బు కట్టండి.

జవాబు: కృష్ణాతీరం

కాగితాల విషయం ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి చెబుతున్నాను.

సీజీపీఏను 10తో గుణించి 68 శాతం అని రాయకండి. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 నిబంధనల్లో లెక్క ఇది: సీజీపీఏలోంచి 0.5 తీసేసి 10తో గుణించాలి. 6.8కి 63 శాతం. 60 శాతం కటాఫ్ మీరు దాటారు, భయం లేదు. కానీ ఫారంలో 68 అని పెట్టి మెమోలో 63 వస్తే తప్పుడు సమాచారం కిందికి పోతుంది. మీ రెగ్యులేషన్ వేరైతే మెమో వెనక ఉన్న సూత్రమే వాడండి.

ఒరిజినల్స్ కోసం ప్రిన్సిపల్‌కు రాతపూర్వకంగా అర్జీ పెట్టి, నకలు మీద ఆఫీసు స్టాంపు వేయించుకోండి. సర్టిఫికెట్లు పట్టి ఉంచుకోకూడదని ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర మండలి) నిబంధనలే చెబుతున్నాయి, అర్జీలో ఆ మాట రాయండి. కదలకపోతే అదే నకలు జతచేసి యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు పంపండి. ఈలోగా ఆఫర్ వస్తే "ఒరిజినల్స్ మా దగ్గరున్నాయి" అని కస్టోడియన్ సర్టిఫికెట్ ఇమ్మని అడగండి. చాలా కంపెనీలు దానితో చేర్చుకుని కొంత గడువు ఇస్తాయి. డ్రైవ్‌లకు మెమోల జిరాక్సులు చాలు.

నాట్స్ (కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకం) పోర్టల్లో ఈరోజే రిజిస్టర్ అవ్వండి. అప్రెంటిస్ చట్టం కింద ఏడాది శిక్షణ. గ్రాడ్యుయేట్లకు 2019 నిబంధనల్లో కనీస స్టైపెండ్ నెలకు 9,000గా పెట్టారు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్, బీడీఎల్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థలు ఈసీఈ వాళ్లను తీసుకుంటుంటాయి. ఏడాది తర్వాత ఉద్యోగం ఇవ్వాలన్న నిబంధన లేదు, ఆ ఆశతో వెళ్లొద్దు. అయినా ఎవరూ కాదనలేని అనుభవ పత్రం చేతికొస్తుంది.

రెజ్యూమే ఒక్క పేజీ. పీడీఎఫ్‌లోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. రెండు కాలమ్‌లు, టేబుళ్లు ఉంటే వరస చెదిరిపోతుంది, కంపెనీ సాఫ్ట్‌వేర్‌కూ అలాగే కనిపించొచ్చు.

ఈసీఈ_2025

అందరికీ చాలా థాంక్స్. నాన్నకు చదివి వినిపించాను, అప్పు మాట మానేశారు. ఇంకొక్కటి. ఒక చిన్న కంపెనీ 3.6 లక్షల ప్యాకేజీ ఇస్తామంటోంది. రెండేళ్ల బాండ్ (ముందే మానేస్తే 1.5 లక్షలు కట్టాలి), సంతకం పెట్టిన ఖాళీ చెక్కు, ఒరిజినల్స్ అడుగుతోంది. మామూలేనా?

జవాబు: జీతం_లెక్క

బాండ్ మామూలే, మిగతా రెండూ కాదు. బాండ్ చెల్లదని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మొద్దు. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ బ్యాంకు షరతు చెల్లుతుందని 2025 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అలాగని రాసిన మొత్తమంతా ఎప్పుడూ కట్టాల్సిందే అని కూడా కాదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం దక్కేది, రాసిన మొత్తానికి లోబడి, సమంజసమైన పరిహారమే. కాబట్టి రెండేళ్లు ఎప్పటి నుంచి లెక్క (చేరిన రోజా, ట్రైనింగ్ అయ్యాకా), ఉండే కొద్దీ మొత్తం తగ్గుతుందా, వాళ్లే తీసేస్తే మీరు కట్టాలా, ఈ మూడూ ఈమెయిల్లో అడిగి జవాబు తెప్పించుకోండి.

ఖాళీ చెక్కు ఇవ్వొద్దు. ఎంతైనా రాసుకుని బ్యాంకులో వేస్తే బౌన్స్ కేసు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద మీ మీద పడుతుంది, దాన్ని ఎదుర్కోవడం బాండ్ కేసు కన్నా కష్టం. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి. ఎలాగూ కాలేజీలో ఉన్నాయి కాబట్టి ఇప్పుడు కస్టోడియన్ సర్టిఫికెట్ అంటే సరిపోతుంది.

చేతికొచ్చేది కూడా లెక్కేసుకోండి. నెలకు 30,000లో 10 శాతం వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) అనుకుంటే 3,000 పక్కకు పోతుంది. కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, బేసిక్ 15,000 అయితే గ్రాట్యుటీ సుమారు 720 కూడా అందులోంచే. మిగిలిన 24,480లోంచి మీ వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే 22,480. హైదరాబాద్‌లో హాస్టల్‌కు పోను ఎంత మిగులుతుందో చూసుకుని, వేరియబుల్ ఎంత శాతం, నెలనెలా ఇస్తారా ఏడాది చివర్లోనా అన్నది సంతకానికి ముందే అడగండి.